గాలి కొట్టు

ముత్తుకూరు దాటి పోర్టు రోడ్డెక్కే మలుపులో
బొగ్గు లారీల దుమ్ము మొదట వాలేది ఆ రేకుల కొట్టు మీదే.
ముందర వలలు, నైలాను తాళ్లు, డీజిలు డబ్బాలు.
వెనక గదిలో కంప్రెసరు,
పక్కన స్టూలు మీద జైబున్నక్క.
గాలి పీల్చే గొట్టం మాత్రం రేకులు దాటి
ఎక్కడికో, దుమ్ము అందనంత పైకి పోయింది.
బోర్డు మీద పేరు లేదు.
"గాలి కొట్టబడును" అని ఉంటుంది.
అది చదివి సైకిళ్లు తోసుకొచ్చే పిల్లల కోసం
చేతిపంపు ఒకటి గడప దగ్గర వేరే పెట్టింది.

ఓడ పొట్టకు పట్టిన గుల్లలు గీకడం నా పని.
పంకాకు చుట్టుకున్న వలలు కోయడం.
కండలేరు సముద్రంలో కలిసే చోట
నీళ్లది టీ రంగు. చాపిన చెయ్యి మనది కాదు.
కింద కళ్లకు పని లేదు, చెవులకే.
బుడగలు సమంగా పోతున్నాయా, అదొక్కటే వింటాం.

పోయిన ఎండాకాలం రెగ్యులేటరు మార్చాల్సొచ్చింది.
అక్క మూడు తీసి ముందర పెట్టింది,
ఒక్కొక్కటీ నోట్లో పెట్టి పీల్చమంది.
మాస్కు మొహానికి ఆనించి, పట్టీ లేకుండా,
ముక్కుతో గాలి లాగమంది.
నా మీసం అడ్డమొస్తున్న చోట వేలు పెట్టి చూపించింది.
గంటన్నర. మధ్యలో టీ.
రెండూ కలిపి ఇరవై ఏడు వేలంది, మూడు నెలల్లో ఇమ్మంది.
ఇంట్లో అడిగొస్తానన్నాను.

ఇంట్లో ఎవర్నీ అడగలేదు.
ఫోన్ని అడిగాను.
అదే కంపెనీ, అదే నంబరు, పదహారు వేల నాలుగొందలు.
కార్డుకు ఇంకో ఎనిమిదొందలు తగ్గింపు.
పదకొండు వేలంటే
వేట నిషేధం అరవై ఒక్క రోజులూ
మా నాయన ఇల్లు లాక్కొచ్చే డబ్బు.
నేనేమన్నా దొంగతనం చేశానా?
ఎవరూ అడగకముందే ఇప్పటికీ జవాబు చెప్పుకుంటుంటాను.

నాలుగో రోజు అట్టపెట్టె వచ్చింది.
మంచం మీద కూచుని నోట్లో పెట్టుకున్నాను,
కొత్త రబ్బరు రుచి.
అప్పుడు చూశాను, మూలన ఖాళీ సిలిండరు.

గాలి పార్శిల్లో రాదు.
చెన్నై పోవాల, లేదంటే ఆ మలుపు దాకా పోవాల.

సంచి బండికే తగిలించి, సిలిండరొక్కటే మోసుకుపోయాను.
"దేంతో పీలుస్తావబ్బయా? తే, చూద్దాం."
తెచ్చాను.
ఆమె తిప్పి చూసింది.
ఎక్కడ కొన్నావని అడగలేదు, ఎంతని అడగలేదు.
అడిగుంటే బాగుండేది.
సిలిండరుకు బిగించి చెవి దగ్గర పెట్టుకుంది.
కంప్రెసరు ఆపింది. లారీ ఒకటి పోయేదాకా ఆగింది.
ఆమె మొగుడు గఫారు చెవులు రెండూ నీళ్లే తినేశాయి;
ఆయన వంతు వినడం కూడా ఈమెదే.
"ఇదుగో, విను."
పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే చప్పుడు.

కొక్కెంలాంటి దాంతో లోపలి రింగు ఊడదీసింది.
వెంట్రుకంత చీలిక.
కొత్తది వేసి, పాతది నా అరచేతిలో పెట్టింది.
"రింగు నలభై, గాలి రెండొందల యాభై."
మూడొందలిచ్చాను. పది తిరిగిచ్చింది.
ఉంచుకో అక్కా అన్నాను.
"నీ పదితో నేనేం చేసుకునేది" అంది.
ఆ రోజంతా అదొక్క మాటే కొంచెం గట్టిగా అంది.

కాలి ఫిన్నులు అరిగిపోయాయి.
రాత్రి ఫోను తీసి ధర చూశాను, మూసేశాను.
మళ్లీ తీయనని ఒట్టు పెట్టను.

కానీ అడుగున, ఓడ పొట్ట కింద, టీ నీళ్లలో
నేను పీల్చే ప్రతి గుక్కా ఆ వెనక గదిది.
అన్ని బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన పట్టిన గాలి,
నాలిక మీద ఒక్క నలక లేదు.
ఫిల్టరు ఎన్నాళ్లకోసారి మారుస్తుందో, దానికెంతవుతుందో
నేనెప్పుడూ బేరమాడలేదు,
అడగనూ లేదు.